సగం ఫోటోకి దండ

ముప్పై రెండేళ్ళ సర్వీసులో నేను చంపింది ఒక్క మనిషినే. అదీ బాల్‌పెన్నుతో. చచ్చిన మనిషి పది రోజుల తరువాత నిక్షేపంలా నడుచుకుంటూ మా పోస్టాఫీసుకి వచ్చాడు. కౌంటరు బల్ల మీద గొడుగుతో టకటకా కొట్టి, గిన్నెలో జిగురు లేకపోతే కవర్లు ఉమ్మితో అంటించుకోవాలా అని మా పోస్టుమాస్టరు గారిని కడిగిపారేశాడు.

ఇది కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లల కోసం రాస్తున్నాను. రిటైరైనవాళ్ళు మీకు చెప్పేవన్నీ మేం ఎంత గొప్పగా పనిచేశామో అన్న కబుర్లే. నడుం లోతు వరదలో ఉత్తరాలు పంచాం, జ్వరమొచ్చినా సెలవు పెట్టలేదు, అంటూ. అవి వినీ వినీ మీకూ విసుగొచ్చి ఉంటుంది, చెప్పీ చెప్పీ మాకూ విసుగొచ్చింది. అందుకని నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. కనీసం కొత్తగా ఉంటుంది.

తొంభైల మధ్య మాట. నరసాపురం రేవుకి అవతలి గట్టున, కోనసీమలో ఒక ఊరికి నన్ను పోస్టుమేన్‌గా వేశారు. ఆఫీసులో మేం ముగ్గురం. పోస్టుమాస్టరు గారు పరమ భయస్తుడు. ఇనస్పెక్షన్ అన్న మాట వినబడితే చాలు, జేబులోంచి విభూతి పొట్లం తీసేవారు. స్టాంపుల కౌంటరులో కూర్చునే గుమాస్తా దేనికైనా ఒక ఉపాయం చెప్పగలడు, ఆ ఉపాయం వల్ల వచ్చే తంటాకి ఇంకో ఉపాయం కూడా చెప్పగలడు. మూడోవాణ్ణి నేను. నా గొప్పతనం ఏమిటో మీకే తెలుస్తుంది.

చేరిన నాలుగో రోజు. మే నెల. సంచిలో ఒక ఎయిర్ మెయిల్ కవరు ఉంది, ఇంగ్లండు నుంచి. పైన ఒక పెద్దమనిషి పేరు, ఊరి పేరు, ‘నరసాపురం రేవు అవతల’ అని ఇంగ్లీషులో ఉన్నాయి. అడ్రసు అంతే. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. తాళం వేసి ఉంది. చుట్టుపక్కల ఒక్క పురుగు లేదు, అందరూ తలుపులు మూసుకుని పడుకున్నారు.

రూలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరం పడుతుంది. తలుపు తాళం ఉంటే ఉత్తరం ఏడు రోజులు దగ్గర ఉంచుకోవాలి. రోజూ వెళ్ళి తలుపు కొట్టాలి. మనిషి పోయాడని తెలిస్తే పక్కింటివాళ్ళని విచారించి, రూఢి చేసుకుని, అప్పుడు కవరు మీద రాయాలి. రూలు బాగానే ఉంది. ఎండ అంతకంటే బాగా ఉంది. పైగా నా సైకిలు హేండిలుకి పాతిక మామిడికాయలు వేలాడుతున్నాయి. మధ్యాహ్నంలోగా కాయలు రాకపోతే ఈ ఏడు ఆవకాయ లేదని మా ఆవిడ పొద్దున్నే చెప్పి పంపింది.

కిటికీ రెక్క ఓరగా ఉంటే లోపలికి తొంగిచూశాను. ఎదురుగా గోడ మీద పాత ఫోటో. పధ్నాలుగేళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు, ఒకడు తెల్లవాడు, ఒకడు మనవాడు, భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డారు. ఫోటోకి గంధపు చెక్కల దండ. అద్దం మీద కుంకుమ బొట్టు. ముందు ప్రమిద. ఫ్రేము కింద తెలుగులో ఒకే ఒక పేరు. కవరు మీద పేరే.

ఇంకేం కావాలి? పాపం చిన్నప్పుడే పోయాడనుకున్నాను. కవరుని సైకిలు సీటు మీద పెట్టి, ‘డిసీజ్డ్’ అని ఇంగ్లీషులో రాశాను. రాశాక కొంచెం వెలితిగా అనిపించి, పక్కన ‘లాంగ్ ఎగో’ అని చేర్చాను. వివరంగా రాశానని నాకు సంతోషం కూడా కలిగింది. ఆ సాయంత్రమే కవరు వెనక్కి పోయింది. ఆవకాయ కూడా బాగా కుదిరింది.

పది రోజుల తరవాత వచ్చిన గొడుగు పెద్దాయన జిగురు గురించి గొడవపడి వెళ్ళిపోతుంటే, "ఎవరండీ ఈయన?" అని గుమాస్తాని అడిగాను.

గుమాస్తా పేరు చెప్పాడు. నా చేతిలో టీ గ్లాసు ఉంది. అది చొక్కా మీద పడింది.

"ఉప్పాడలో పెళ్ళికెళ్ళి నిన్నే వచ్చారండి. ఊళ్ళో లేని పది రోజులూ మనకి ప్రశాంతంగా ఉంది," అన్నాడు గుమాస్తా.

ఆ సాయంత్రమే ఏదో వంక పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. ఈయన పడక్కుర్చీలో ఉన్నాడు. ఏమీ ఎరగనట్టు, "ఆ దండ ఎవరికండీ?" అన్నాను.

ఆవిడ అల్లడం ఆపేసింది. "నువ్వైనా అడుగు నాయనా! బతికున్న మనిషి ఫోటోకి దండేంటి? పొద్దున్నే లేచి నా మొగుడి బొమ్మకి నేనే దీపం పెట్టాలంటే ఎలా ఉంటుంది? పేరంటానికి వచ్చినవాళ్ళు ఆ గోడ చూసి, నాకు బొట్టు పెట్టాలా వద్దా అని ఆగిపోతున్నారు!"

"దండ వాడికే. నేను పక్కనున్నాను, అంతే," అన్నాడు పెద్దాయన. "ఫ్రేముకి సగం దండ ఎలా వేస్తారో నువ్వు చెప్పు, వేస్తాను."

"మరి కింద మీ పేరే ఉంది కదండీ?"

"ఫోటో పెద్దది చేయించానబ్బాయ్, రాజమండ్రిలో. ఆ స్టూడియోవాడు బిల్లు మీద పేరే తీసుకొచ్చి కింద కూడా రాసేశాడు. బుర్ర లేనివాళ్ళు అన్ని ఉద్యోగాల్లోనూ ఉంటారు."

నేను నేల చూశాను.

ఆయన చెప్పింది చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆయన రంగూన్‌లో ఉండేవాడు. అప్పట్లో మన వైపు నుంచి వేలమంది బర్మాకి కూలిపనికి వెళ్ళేవారు. వాళ్ళ నాన్న ఒక బియ్యం మిల్లులో కూలీ. ఆ మిల్లు మేనేజరు ఇంగ్లీషు దొర. దొర కొడుకూ ఈయనా ఒక ఈడువాళ్ళు, మిల్లు వెనక కాలవలో కలిసి చేపలు పట్టేవారు. వీడికి ఇంగ్లీషు రాదు, వాడికి తెలుగు రాదు, ఇద్దరూ బర్మా భాషలో తిట్టుకునేవారు. ఈ స్నేహం మిల్లులో ఎవరికీ నచ్చలేదు. దొరసాని వాణ్ణి కొట్టేది, వీళ్ళమ్మ వీణ్ణి కొట్టేది. ఫోటో మాత్రం దొంగచాటుగా దిగారు.

జపానువాళ్ళ బాంబులు పడ్డ రోజు ఎవరివాళ్ళు ఎటుపోయారో తెలియలేదు. చివరికి ఇద్దరు కుర్రాళ్ళు మిగిలారు. ఇండియాకి నడక దారి పట్టిన జనంలో కలిసిపోయారు. కొండలు, అడవి, వాన. మధ్యలో ఒక క్యాంపు దగ్గర దారి రెండుగా చీలింది. తెల్లవాళ్ళకి ఒకటి, మిగతావాళ్ళకి ఒకటి. తెల్లదారిలో గుడారాలు, టీ, రొట్టె. నల్లదారిలో బురద, కలరా.

"ముందు నన్ను తెల్లోణ్ణి చేద్దామన్నాడు వాడు," అన్నాడు పెద్దాయన. "ఒకావిడ మూటలోంచి బియ్యప్పిండి తెచ్చి నా మొహానికీ చేతులకీ పూశాడు. జేబులో చెయ్యి పెట్టుకుని నడవమన్నాడు, దొరల్లా. వరసలో నిలబడ్డాం. వాన మొదలైంది. సోల్జరు నా మొహంలోకి చూస్తున్నాడు, నా గెడ్డం మీంచి పిండి బొట్లుబొట్లుగా కారుతోంది, అట్లపిండిలాగా. ఒక్క తన్ను తన్నాడు."

"తరవాతండీ?"

"వాడు వాళ్ళ వరసలో ఉండిపోవచ్చుగా? లేదు. ఎవరిదో అన్నంకుండ అడుగున మసి తీసి ఒళ్ళంతా రాసుకుని మా వరసలోకి వచ్చేశాడు. చెవులు మర్చిపోయాడు వెధవ! నల్లటి మొహానికి తెల్లటి చెవులు. నేనే రాశాను మళ్ళీ. మా వరసలో ఎవ్వడూ ఆపలేదు. మా వరసలో చేరతానంటే ఎవడాపుతాడు?"

మూడు వారాలు అలా నడిచారు. తరవాత వాడికి జ్వరం తగిలింది. చెమటకి మసి కరిగింది. తెల్లవాడని తెలిసిపోయి, సోల్జర్లు ఎత్తుకుపోయి తెల్ల గుడారంలో పడేశారు. ఈయన్ని దగ్గరికి రానివ్వలేదు. రెండో రోజు క్యాంపు గుమాస్తా పుస్తకం చూసి, ఆ గుడారంలోవాళ్ళందరూ పోయారు, రాసేశాను, వెళ్ళమన్నాడు. ఈయన ఆ ఫోటో ఒక్కటే మొలకి కట్టుకుని ఇల్లు చేరాడు.

"రాసేశానన్నాడా?" అన్నాను.

"ఆయ్. రాసేశాక ఇంకేముంది?"

అప్పుడే చెప్పేయాల్సింది. మీ వాడు బతికే ఉన్నాడండీ, మీకు ఉత్తరం కూడా రాశాడండీ, నేనే వెనక్కి పంపానండీ అని. మూడు వాక్యాలు. చెప్పలేదు. పంపినవాడి అడ్రసు నేను రాసుకోలేదు, చెప్పినా ఏం లాభం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి భయం. విచారించకుండా మనిషిని చచ్చాడని రాస్తే సస్పెన్షను. ఇద్దరు చిన్న పిల్లలున్నారు నాకు. ఆ పెద్దాయన రోజూ ఆఫీసుకి వచ్చి ఏదో ఒకదానికి పోట్లాడి వెళ్ళేవాడు. నేను రోజూ లోపలి గదిలోకి పారిపోయేవాణ్ణి. అలా తొమ్మిది నెలలు గడిచాయి.

చలి తగ్గే రోజుల్లో పోస్టుమాస్టరు గారి పేరు మీద ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన చదివి, విభూతి తీసి, మా ఇద్దరికీ కూడా పెట్టి, అప్పుడు వినిపించారు. నా మిత్రుడు మరణించినట్టు మీ ఆఫీసు వల్ల తెలిసింది. నేను వస్తున్నాను, ఆయన్ని సాగనంపిన చోట పూలు ఉంచాలి. మరణించి చాలా కాలమైందని కూడా శ్రద్ధగా రాసిన ఆ ఉద్యోగికి నా కృతజ్ఞతలు. వీలైతే ఆయనే వచ్చి ఆ చోటు చూపించాలని నా కోరిక. ఫలానా రోజు పొద్దున్న రైల్లో నరసాపురంలో దిగుతాను.

"ఎవరయ్యా ఆ శ్రద్ధగా రాసిన ఉద్యోగి?" అన్నారు పోస్టుమాస్టరు గారు.

నేను జరిగిందంతా చెప్పి ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఆయనకి కోపం రాలేదు, వణుకు వచ్చింది. "కవరు మీద మన ఆఫీసు ముద్ర ఉందయ్యా! అది ఆ దొర చేతిలో ఉంది! పైవాళ్ళకి చూపించాడంటే ముగ్గురం పోతాం!"

"పోనీ పెద్దాయన్నే అడిగితేనో?" అన్నాడు గుమాస్తా. "ఒక్క పూట చచ్చిపోండి బాబాయ్ గారూ, సాయంత్రానికి మళ్ళీ మామూలే అని."

"జిగురు లేదంటేనే కొట్టడానికొచ్చాడు ఆ మనిషి!"

"అయితే ఎవరిదో ఒక సమాధి చూపించేద్దామండి."

"వాళ్ళింట్లో దహనం చేస్తారు. సమాధులుండవు," అన్నారు పోస్టుమాస్టరు గారు. అలా అంటూ ఆగిపోయారు. ఆయన మొహంలోకి వెలుగు వచ్చింది. భయస్తులకి అప్పుడప్పుడు పెద్ద ఆలోచనలు వస్తాయి. "దహనం చేస్తే అస్థికలు ఎక్కడ కలుపుతారు? గోదాట్లో. దొర రావాల్సింది ఎలా? పంటు మీద గోదారి దాటుకుని. నడి గోదాట్లో ఇక్కడే కలిపారండీ అని చెప్పు. పూలు అక్కడే వేయించు. అదే పంటు మీద వెనక్కి తీసుకెళ్ళి రైలెక్కించెయ్. ఊళ్ళో కాలు పెట్టక్కర్లేదు."

పంటు అంటే తెలియనివాళ్ళకి: రెండు పడవల మీద బల్లలు పరిచి, పక్కన ఇంజను పడవ కట్టి నడుపుతారు. మనుషులు, సైకిళ్ళు, గేదెలు, కార్లు, అన్నీ దాని మీదే దాటాలి.

"పెద్దాయన ఆ రోజు రేవు వైపు వస్తేనో?" అన్నాను.

దానికి గుమాస్తా దగ్గర ఉపాయం ఉంది. పెద్దాయన దంపతుల పేరు మీద అన్నవరంలో సత్యనారాయణ స్వామి వ్రతం మాట్లాడేశాడు. ఊళ్ళో కొందరు వ్యాన్ కట్టుకుని వెళ్తుంటే వాళ్ళతో పంపే ఏర్పాటు చేశాడు. పోస్టాఫీసు తరఫున పెద్దలకి గౌరవం అని చెప్పాడు. పెద్దాయన అనుమానంగా చూశాడుగానీ, ఆవిడ పొంగిపోయింది.

ఆ రోజు పొద్దున్న వ్యాన్ వెళ్ళిందని చూసుకుని నరసాపురం స్టేషనుకి వెళ్ళాను. దొర దిగాడు. పొడుగ్గా, సన్నగా, ఎర్రగా ఉన్నాడు. తలమీద టోపీ. చేతిలో ఎర్ర కాగితం పూలు గుండ్రంగా కట్టిన చక్రం ఒకటి. వాళ్ళ దేశంలో యుద్ధంలో పోయినవాళ్ళకి అవి పెడతారట. నాకొచ్చిన ఇంగ్లీషంతా టెలిగ్రాముల్లో చదివిందే. "అరైవ్డ్ సేఫ్లీ?" అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు థాంక్యూ చెప్పాడు. ఆ చేతులతోనే రాశానని తెలిసి.

పంటు ఎక్కాం. చేపల తట్టలతో ఆడవాళ్ళు, పది సైకిళ్ళు, ఒక గేదె, ఒక అంబాసిడరు కారు. తాడు విప్పుతుండగా, "ఆగరోయ్!" అని కేక. గొడుగు ఊపుకుంటూ పెద్దాయన దూకి ఎక్కాడు.

"బాబాయ్ గారూ, మీరు అన్నవరం..."

"మా ఆవిణ్ణి పంపానుగా. పక్కన నా పైపంచె పెట్టుకుని వ్రతం చేసేసుకోమన్నాను. దేవుడికి తెలీదేంటి?" అంటూ చేతిలో పొట్లం విప్పి చూపించాడు. కొత్త గంధపు దండ. "పాతది చెదలు కొట్టేసింది. ఆవిడ ఇంట్లో ఉంటే మార్చనివ్వదు, ఏడుపు. ఇదే సమయమని తొలి పంటుకే నరసాపురం వచ్చి కొనుక్కున్నాను."

మేం వేసిన ప్లానే ఆయన్ని తెచ్చి పంటు మీద పెట్టింది. ఇప్పుడు నాకు ఒక పక్క దొర, చేతిలో పూలచక్రం. ఇంకో పక్క పెద్దాయన, చేతిలో దండ. ఒకడికోసం ఒకడు కొన్నవి. మధ్యలో నేను.

"ఎవరీ దొర?" అన్నాడు పెద్దాయన.

"స్నేహితుడు పోయాడటండి. అస్థికలు కలిపిన చోట పూలు వేస్తాడట."

"మనవాడేనా?"

"ఆయ్."

"ఏ ఊరు?"

"ఈ చుట్టుపక్కలేనండి."

"పాపం," అన్నాడు పెద్దాయన. మనసారా అన్నాడు.

దొర నన్ను అడిగాడు, ఈయనెవరని. "జనరల్ పబ్లిక్," అన్నాను.

నడి గోదావరి వచ్చింది. "హియర్," అన్నాను దొరతో, నీళ్ళు చూపించి. ఆయన టోపీ తీశాడు. పెద్దాయన డ్రైవరు వైపు తిరిగి, "ఒరేయ్, ఇంజను ఆపరా! పోయిన మనిషికి పూలేసుకుంటుంటే ఆ చప్పుడేంటి?" అని అరిచాడు. ఇంజను ఆగింది. పంటు ప్రవాహానికి మెల్లగా పక్కకి జరగడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు తట్టలు దించి లేచి నిలబడ్డారు. అంబాసిడరులో పెద్దమనిషి కూడా దిగాడు. నాలుగు కేకలతో అందరినీ వరసలో నిలబెట్టింది ఎవరు? ఎవరికోసం నిలబడ్డారో ఆయనే.

దొర ముందుకు వంగాడు. పెద్దాయన నన్ను మోచేత్తో పొడిచాడు.

"అంత దూరం నించి వచ్చి ఒట్టి కాయితం పూలేంటయ్యా? గోదాట్లో నిమిషం ఉండవు. ఇది కూడా వెయ్యమను." దండ దొర చేతికి అందించాడు.

దొర పుచ్చుకోలేదు. ఇది ఎవరికోసమో కొన్నారు, అడగండి, నేనెలా తీసుకుంటాను అన్నాడు. నేను అడిగాను.

"నాకూ ఒకడున్నాడు. వాడికి," అన్నాడు పెద్దాయన. "వాడేమీ అనుకోడు, చెప్పు. వాడు అలాంటివాడు కాదు."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాలి. నోరు తెరిచాను. రాలేదు. నా ఉద్యోగం, నా పిల్లలు, పోస్టుమాస్టరు గారి విభూతి, అన్నీ గుర్తున్నాయి. కానీ ఆ దండ చూస్తుంటే ఏడుపు ముంచుకొచ్చింది. నేను గట్టిగా ఏడ్చేశాను.

"పోయింది ఈయనే!" అని అరిచాను, పెద్దాయన్ని చూపించి. దొర వైపు తిరిగి, "దిస్ మేన్ డిసీజ్డ్! నాట్ డిసీజ్డ్! నేనే రాశాను! మిస్టేక్, మిస్టేక్!"

పంటు మీద గేదె ఒక్కటే తల ఊపింది.

"నేను పోయానా?" అన్నాడు పెద్దాయన.

"మే నెలలో రాశానండి. ఉత్తరం వచ్చిందండి మీకు. ఇల్లు తాళం వేసుందండి, దండ చూశానండి..."

గొడుగు లేచింది. మొదటి దెబ్బ నా భుజం మీద పడింది. రెండోది పడబోతూ గాల్లో ఆగిపోయింది. "ఉత్తరమా? నాకు ఇంగ్లండు నించి ఉత్తరం రాసేవాడెవడు?"

నేను దొరని చూపించాను. "ఫోటోలో ఉన్నాడండి. మీ పక్కన."

పెద్దాయన దొరని ఎగాదిగా చూశాడు. నమ్మలేదు. బట్టతల, ముడతలు, కళ్ళజోడు. ఎవడైనా ఎలా గుర్తుపడతాడు? దొరకి నా ఇంగ్లీషు ఎంత అర్థమైందో తెలియదు, ఆయనా ఈయన్ని అలాగే చూస్తున్నాడు.

అప్పుడు పెద్దాయన గొడుగు నా చేతికిచ్చి, తిన్నగా ఇంజను పడవ దగ్గరికి వెళ్ళాడు. పొగగొట్టం మీద అరచెయ్యి రుద్దాడు. నల్లటి మసి. తిరిగొచ్చి, ఆ మసి దొర రెండు బుగ్గలకీ పూశాడు. పంటు మీద జనం అదిరిపోయారు.

దొర కదల్లేదు. తరవాత మెల్లగా వంగి, తల పక్కకి తిప్పి, చెవి చూపించాడు.

పెద్దాయన చెవికి రాశాడు. దొర రెండో వైపు తిప్పాడు. దానికీ రాశాడు. ఆ తరవాత ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోయి, ఏదో భాషలో, ఒకడు ఆపకముందే ఇంకొకడు అందుకుంటూ మాట్లాడేశారు. అది బర్మా భాష. పంటు మీద ఎవ్వరికీ ఒక్క ముక్క తెలియదు. తిట్టుకుంటున్నారని మాత్రం అందరికీ తెలిసింది. చేపలమ్మే ఆవిడ ఒకతె, "ఏంటమ్మా ఇది, పోయినోడు బతికాడా, బతికినోడు పోయాడా?" అంటూనే కళ్ళు ఒత్తుకుంది. పంటు ఆ సందులో కొట్టుకుపోయి ఇసుకమేట ఎక్కింది. అందరం దిగి తోశాం, దొర కూడా.

గట్టెక్కాక పెద్దాయన ఆ గంధపు దండ తెచ్చి నా మెడలో వేశాడు. "ఇక నువ్వు పోయావు. పో," అన్నాడు. ఆ దండతోనే సైకిలు మీద ఆఫీసుకి వెళ్ళాను. నన్ను చూసి పోస్టుమాస్టరు గారు, అనుకున్న పని జరిగిందని, దొరే సన్మానం చేశాడని మురిసిపోయారు.

దొర వాళ్ళింట్లో నాలుగు రోజులున్నాడు. ఆ గుడారంలోంచి తనొక్కడే బతికి బయటపడ్డాడట, చిన్నప్పుడు విన్న ఊరి పేరు ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకుని చివరికి ఆ ఉత్తరం రాశాడట. అన్నవరం నుంచి ప్రసాదంతో వచ్చిన ఆవిడకి, హాల్లో చాప మీద నల్ల చెవుల తెల్లాయన ఒకడు నిద్రపోతూ కనిపించాడట. ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు, గోడని చూసింది. దండ లేదు. స్వామి మహిమ అని అక్కడే చేతులు జోడించింది.

డిపార్టుమెంటు సంగతి అడుగుతారేమో. ఒకే వారంలో నాకు రెండు కాయితాలు వచ్చాయి. విచారించకుండా రాసినందుకు మెమో ఒకటి. విదేశీయుడి అభినందన లేఖ వచ్చినందుకు మెచ్చుకోలు ఒకటి. రెండింటి మీదా ఒకే అధికారి సంతకం. రెండూ ఒకే ఫైల్లో పెట్టారు.

దొర నన్ను ఓదార్చాడు. నువ్వు పోయాడని రాయకపోతే నేను కదిలేవాణ్ణి కాదు, ఉత్తరాలు రాసుకుంటూ ఇంట్లో కూర్చునేవాణ్ణి అన్నాడు. మంచివాడు. పెద్దాయన మాత్రం ఎప్పుడు కనబడినా, "తొమ్మిది నెలలు," అనేవాడు. అంతే. నాకు దొర మాట కంటే ఆయన మాటే నిజమనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది. అరవై ఎనిమిదేళ్ళ వాళ్ళ దగ్గర తొమ్మిది నెలలు తీసుకున్నాను నేను, మామిడికాయల కోసం.

తరవాత రెండేళ్ళు నెలనెలా ఉత్తరాలు వచ్చాయి. నేనే తీసుకెళ్ళి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి చెప్పేవాణ్ణి. జవాబు నా చేతే రాయించేవాడు. "నా పేరు కింద బతికే ఉన్నాడని రాయి, చూసి రాయి," అనేవాడు ప్రతిసారీ.

రెండేళ్ళయ్యాక ఒక కవరు వచ్చింది. అదే ఊరు, అదే స్టాంపు. చేతిరాత వేరు. ఆడపిల్ల రాత. అది పట్టుకుని ఆ అరుగు దగ్గరికి ఎలా వెళ్ళానో నాకే తెలుసు.

పెద్దాయన పడక్కుర్చీలో ఉన్నాడు. కవరు చూశాడు. రాత చూశాడు. చెయ్యి చాపలేదు.

"ఇంట్లో లేను," అన్నాడు.

"బాబాయ్ గారూ..."

"ఊళ్ళో లేనయ్యా. తలుపు తాళం వేసుంది. మీ రూలేంటి?"

"ఏడు రోజులు ఉంచుకోవాలండి. రోజూ రావాలండి."

"మరి రా."

వెళ్ళాను. రోజూ వెళ్ళాను. రోజూ ఆయన ఎదురుగానే కూర్చుని ఉండేవాడు, నేను తెరిచి ఉన్న తలుపు మీద కొట్టేవాణ్ణి, "లేను," అనేవాడు, వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఆవిడ లోపల్నించి చూసేది. ఆ ఏడు రోజులూ ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. నా సర్వీసు మొత్తంలో ఆ రూలు పూర్తిగా పాటించింది అప్పుడే.

ఎనిమిదో రోజు నేను తలుపు కొట్టకముందే చెయ్యి చాపాడు. "వచ్చాను ఊరి నించి. ఇలా ఇయ్యి."

దొర కూతురు రాసిన ఆ ఉత్తరం చదివి చెప్పాను. పొట్టి ఉత్తరం. నిద్రలోనే పోయాడట. ఆయన అంతా విని, అద్దాలు తుడుచుకుని, "దండ కావాలి," అన్నాడు.

పంటు మీద నా మెడలో వేసిన దండ ఇన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంది. ఏడు రోజులుగా ఉత్తరంతోపాటు అది కూడా నా సంచిలో తిరుగుతోంది. తీసి ఇచ్చాను. ఆయన దాన్ని గుర్తుపట్టాడు. స్టూలు వేయించి, ఫ్రేము పైన సరిగ్గా మధ్యలో నన్ను ఒక మేకు కొట్టమన్నాడు. దండని మడిచి, మేకుకి తగిలించి, అవతలి కుర్రాడి వైపు మాత్రమే వేలాడేలా నా చేత సర్దించాడు.

"ఇంకొంచెం అటు జరుపు," అన్నాడు కింద నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ. "నా మీద పడనివ్వకు. మళ్ళీ ఎవడో ఒక పోస్టుమేను కిటికీలోంచి చూస్తాడు."